బావ భుజం, మా చెవులు

మా బావ మిలిటరీలో పదిహేడేళ్లు చేసి వచ్చాడు. ఊరికొచ్చాక ఆయనకు మిగిలినవి మూడు: పింఛను, మీసం, లైసెన్సున్న 315 రైఫిల్. దేవరకద్ర దగ్గర మా పల్లెలో అడవి పందులు పల్లి చేను మీద పడితే తెల్లారేసరికి నాగలితో దున్నినట్టు చేసిపోతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాం. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం. రంగురంగుల చీరలు చూసి పెళ్లి పందిరి అనుకున్నాయో ఏమో, మర్నాడు చుట్టాలను కూడా వెంటేసుకొచ్చాయి. చివరికి పంచాయతీ, ఫారెస్టు వాళ్ల కాగితాలన్నీ పూర్తి చేసుకుని బావను పిలిచారు.

బావ నాలుగు సార్లు కాల్చాడు. నాలుగు సార్లూ పంది క్షేమం, బావ భుజమే కమిలింది.

"గుండు పోయేటప్పుడు తుపాకీ భుజంల తంతున్నది బామ్మర్దీ. ఆ తన్నుకు గురి జారుతున్నది" అనేవాడు. అక్క బామ్ రుద్దుతూ "ఆ పందికి తెల్వదా ఏంది, ఈయన కాలిస్తే ఈయనకే తగుల్తదని" అని గొణిగేది.

నేను బడిలో సైన్సు చెప్తాను, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ కూడా చేశాను. గుండు గొట్టం దాటేలోపు తుపాకీ కదిలేది చాలా తక్కువని, తన్నుతుందన్న భయంతో మనమే ముందుగా భుజం ముడుచుకుంటామని, గురి తప్పేది అందుకేనని నాకు తెలుసు. కానీ బావతో ఆ మాట అనగలమా? ఇంటల్లుడు.

సైన్సు సారువి కదా అని నన్నే వెంటబెట్టుకుని హైదరాబాదులో ఒక తుపాకుల దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక ముసలాయన గాజు బల్ల మీద మూడు వస్తువులు పెట్టాడు. మూడూ గొట్టం మూతికి బిగించేవే, చూస్తే మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. మొదటిది ఫ్లాష్ హైడర్. మూతి దగ్గర మంట మెరుపు కనపడకుండా చేస్తుందట, భుజానికి మాత్రం దానితో ఒరిగేదేమీ లేదు. రెండోది కాంపెన్సేటర్. దానికి చిల్లులు పైవైపు ఉంటాయి. గ్యాసు పైకి చిమ్మి, ఎగిరే మూతిని కిందికి అదిమి పడుతుంది. మూడోది మజిల్ బ్రేక్. బొటనవేలంత ఇనుప ముక్క, అటు మూడు, ఇటు మూడు గంట్లు.

"గుండు పదహారు గ్రాములు కూడా ఉండదు సాబ్. తన్ను దానిదొక్కదానిదే కాదు, వెనకాల వచ్చే గ్యాసుది కూడా. ఆ గ్యాసు ఈ గంట్ల గోడలకు కొట్టుకుని పక్కకు మళ్లుతుంది, అప్పుడు తుపాకీని ముందుకు లాగుతుంది" అన్నాడు ముసలాయన. క్లాసులో న్యూటన్ మూడో సూత్రం నేను కూడా ఇంత బాగా చెప్పలేదు.

"ఇదే ఇయ్యి" అన్నాడు బావ.

"ఒక్క మాట. తన్ను తగ్గుతుంది గానీ చప్పుడు తగ్గదు, పైగా పక్కలకూ వెనక్కీ మళ్లుతుంది. పక్కన మనుషులు ఉండొద్దు. చెవులకు మఫ్‌లు పెట్టుకోవాలి. దానికంటే భుజానికి ఆనే తుపాకీ మడమకు రబ్బరు ప్యాడు వేసుకుంటే చవకలో పోతుంది."

మిలిటరీ మనిషి రబ్బరు ముక్కకు లొంగుతాడా? బ్రేకే కొన్నాడు. గొట్టం మూతికి థ్రెడ్డు వేయడానికి రైఫిల్‌ను అక్కడే అప్పజెప్పాడు. మఫ్‌లు కూడా కొన్నాడు. ఒక్క జత.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, పొద్దు వాలుతుండగా, చేను గట్టు మీద బోర్లా పడుకున్నాం. మధ్యలో బావ, చెవులకు మఫ్‌లతో. కుడి పక్కన నేను. ఎడమ పక్కన సర్పంచ్ సాబ్, తలకు తువ్వాలతో. ముసలాయన చెప్పిన జాగ్రత్త నాకు గుర్తుంది. కానీ సర్పంచే అక్కడ పడుకుంటే సారు దూరంగా కూర్చున్నాడని రేపు బడిలో పిల్లలు నవ్వరా?

పంది వచ్చింది. బాగా బలిసింది, మా పల్లికాయే తిని. చెట్టు మొదలు ఊడబెరుకుతూ తీరిగ్గా నిలబడింది. వెనక పెద్ద పుట్ట, గుండు ఎటూ పోయే భయం లేదు. బావ ఊపిరి బిగబట్టాడు.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పలేను. రెండు చెంపల మీదా ఎవరో ఒకేసారి కొట్టినట్టయింది. గట్టు మీది ఎర్రదుబ్బ అంతా లేచి నా నోట్లోకి, కళ్లలోకి వచ్చింది. సర్పంచ్ సాబ్ తువ్వాల తుమ్మచెట్టు మీద ఉంది. చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత.

దుబ్బ సర్దుకున్నాక చూస్తే పుట్టకు బొక్క పడింది. పంది లేదు. బావ మాత్రం భుజం తడుముకుంటూ వెలిగిపోతున్నాడు.

"పంది పడ్డదా?" అన్నాడు సర్పంచ్ సాబ్.

ఆయన పెదవులు కదిలినట్టు కనిపించింది గానీ నాకు మాట వినపడలేదు. "తువ్వాల చెట్టు మీదున్నది" అన్నాను.

"కొంచెం గూడ తన్నలే!" అన్నాడు బావ, మఫ్‌లు తీస్తూ. అంతలోనే ఆయన మొహం మారింది. నాలుగు సార్లూ తప్పు తుపాకీదే. ఐదోసారి అనడానికి ఏమీ మిగల్లేదని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. మా ఇద్దరినీ దగ్గరకు లాక్కుని, చేత్తో సైగలు చేసి, పుట్టను చూపించి, నోటి మీద వేలు పెట్టాడు. అర్థమైంది. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు.

దారి పొడవునా సర్పంచ్ సాబూ నేనూ ఆ మాటే గుసగుసగా అనుకుంటూ వచ్చాం. మధ్యలో బావ మా నోళ్లు మూయడానికి ఎందుకు ఎగబడుతున్నాడో మాకు అర్థం కాలేదు. ఊరి మొదట్లో చాయ్ హోటల్ దగ్గరికి వచ్చేసరికి బెంచీల మీది వాళ్లంతా లేచి నిలబడి మా వైపే చూస్తున్నారు. హోటలాయన చాయ్ ఇస్తూ, నాకు వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"పుట్టకు తగిలిందని ఎవ్వరికీ చెప్పొద్దంటిరి గద సారూ. చెప్పం, నువ్వు జర మెల్లగ మాట్లాడు!"