పాపం తలా పిడికెడు, నింద ఒక్కడికే

2018 జూన్ 1, శుక్రవారం. పొద్దున ఆరున్నరకు మొదలైన మ్యాచ్ తొమ్మిది దాటినా తేలలేదు. ప్లేట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. ఆఫీస్ క్యాబ్ డ్రైవర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మ్యాచ్ జరుగుతున్న అమెరికాలోని ఓక్లాండ్‌లో అప్పటికింకా మే 31 రాత్రే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ తొలి మ్యాచ్, గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద క్లీవ్‌లాండ్ కావలియర్స్. ముందుగా నాలుగు మ్యాచులు గెలిచినవాళ్లదే కప్పు. కాసేపటికి ఫ్రీమాంట్‌లో ఉండే మా బావమరిది వాట్సాప్‌లో ఒక వీడియో ముక్క పంపాడు. క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ రెండు చేతులూ చాచి, "అటు కదా వెళ్లాల్సింది" అన్నట్టు బాస్కెట్ వైపు చూపిస్తున్నాడు. పక్కన అయోమయం మొహంతో అదే జట్టు ఆటగాడు జేఆర్ స్మిత్. కింద ఒకే లైను: "బావా, వీడు కూడా మా జట్టే!" వాడు వారియర్స్ అభిమాని మరి.

ఆ మ్యాచ్‌ను జేఆర్ స్మిత్ పోగొట్టాడు అన్నది ఇప్పుడు దాదాపు చరిత్ర అయిపోయింది. నేను మాత్రం ఒప్పుకోను. అతను తప్పు చేయలేదని కాదు, చేశాడు. కానీ ఆ రాత్రి క్లీవ్‌లాండ్ చేజార్చుకున్న వాటిలో అతని వాటా ఎంత అన్నదే అసలు లెక్క.

36.4 సెకన్లు మిగిలి ఉన్నప్పటి సంగతి చూడండి. క్లీవ్‌లాండ్ 104-102తో ముందుంది. బాస్కెట్ వైపు దూసుకొచ్చిన వారియర్స్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్‌కి లెబ్రాన్ అడ్డం నిలబడ్డాడు, ఇద్దరూ ఢీకొన్నారు. రిఫరీలు మొదట డ్యురాంట్‌దే తప్పన్నారు. అంటే బంతి క్లీవ్‌లాండ్‌కి, ఆధిక్యం కూడా దానిదే. ఆ తర్వాత రీప్లే చూడటానికి వెళ్లారు. బాస్కెట్ కింద అర్ధచంద్రాకారంలో ఒక గీత ఉంటుంది. డిఫెండర్ దాని లోపల ఉన్నాడా బయట ఉన్నాడా అన్న అనుమానం వస్తేనే ఇలాంటి రీప్లే చూడాలి. లెబ్రాన్ ఆ గీతకు బాగా బయటే ఉన్నాడని ఇంట్లో టీవీ చూస్తున్న మాకే తెలుస్తోంది. అయినా చూశారు, నిర్ణయం తిరగేశారు, ఫౌల్ లెబ్రాన్ మీద రాశారు. డ్యురాంట్ రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. స్కోరు సమం.

తర్వాత లెబ్రాన్ ఒక బాస్కెట్ వేశాడు. స్టెఫ్ కర్రీ బాస్కెట్ వేసి, ఫౌల్ కూడా రాబట్టి, మొత్తం మూడు పాయింట్లు తీసుకున్నాడు. 107-106, వారియర్స్ ముందు. ఇక 4.7 సెకన్లుండగా క్లే థాంప్సన్ ఫౌల్ చేయడంతో క్లీవ్‌లాండ్ ఆటగాడు జార్జ్ హిల్‌కి రెండు ఫ్రీ త్రోలు దక్కాయి.

ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డురాని షాట్. 15 అడుగుల దూరం, చేతిలో బంతి, ముందు రింగు. ఎన్‌బీఏ ఆటగాళ్లు వందకు 75కి పైగా వేసేస్తారు. హిల్ మొదటిది వేశాడు, 107-107. రెండోది తప్పింది. అది పడినా గెలుపు ఖాయమేం కాదు. కర్రీ, డ్యురాంట్, థాంప్సన్ ముగ్గురూ ఉన్న జట్టు చేతిలో 4.7 సెకన్లు పెట్టి నిశ్చింతగా కూర్చోలేం కదా. అయినా క్లీవ్‌లాండ్ ముందుండేది.

ఇక్కడే ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. తప్పిన ఆ బంతిని అందుకున్నది జేఆర్ స్మితే. దాదాపు ఏడడుగుల డ్యురాంట్ పక్కనే ఉండగా, ఆరడుగుల ఆరంగుళాల మనిషి లాక్కున్నాడు. లాక్కోకపోతే ఆ బంతి ఎవరిదయ్యేదో! అంటే అతని తప్పు పుట్టిందే ఒక మంచి పని కడుపులోంచి. రీబౌండ్ పట్టగానే షాట్ వేయకుండా, బాస్కెట్‌కి వీపు తిప్పి, మధ్య గీత వైపు డ్రిబుల్ చేసుకుంటూ వెళ్లాడు. ముందున్నది తమ జట్టేనని, టైమ్ గడిపేస్తే చాలని అనుకున్నట్టే కనిపించింది. ఆఖరి క్షణంలో బంతి హిల్‌కి అందించాడు, హిల్ షాట్‌ను వారియర్స్ అడ్డుకున్నారు. తమ జట్టు ఒక పాయింట్ ముందుందని జేఆర్ అనుకున్నాడని మ్యాచ్ తర్వాత కోచ్ టైరన్ లూ చెప్పాడు. స్కోరు సమంగా ఉందని తనకు తెలుసని, టైమ్‌అవుట్ (ఆట కాసేపు ఆపించే విరామం) తీసుకుంటారని ఎదురుచూశానని జేఆర్ అన్నాడు. పెదాల కదలిక చూసి అతను లెబ్రాన్‌తో ఏమన్నాడో కనిపెట్టే పనిలో అభిమానులు ఏళ్లు గడిపేశారు.

సరే, మర్చిపోయాడనే అనుకుందాం. క్లీవ్‌లాండ్ దగ్గర ఇంకో టైమ్‌అవుట్ మిగిలే ఉంది. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు కోర్టులో ఎవరైనా అడగొచ్చు, బయట నిలబడ్డ కోచ్ కూడా అడగొచ్చు. ఎవరూ అడగలేదు. ఓవర్‌టైమ్‌కు ముందు బెంచీ మీద కూర్చున్న లెబ్రాన్‌కి ఈ సంగతి తెలిసినప్పుడు అతని తల వాలిపోయిన తీరు కెమెరాకి చిక్కింది. నాకు ఆ రాత్రి మొత్తంలో గుర్తుండిపోయింది ఆ దృశ్యమే, చేతులు చాచిన బొమ్మ కాదు.

అప్పటికింకా స్కోరు 107-107. ఐదు నిమిషాల ఆట కొత్తగా మొదలవుతుంది. ఆ ఐదు నిమిషాల్లో క్లీవ్‌లాండ్ వేసినవి 7 పాయింట్లు, వారియర్స్ వేసినవి 17. తుది స్కోరు 124-114. లెబ్రాన్ ఒక్కడే 51 పాయింట్లు కొట్టాడు. ఫైనల్స్‌లో 50 దాటి కొట్టినా ఓడిపోయిన మొదటి ఆటగాడు అతనే.

ఇంకొకటి. ఆ కోపంలో లెబ్రాన్ డ్రెస్సింగ్ రూమ్‌లోని వైట్‌బోర్డును గుద్దాడు. నాలుగో మ్యాచ్ కూడా ఓడి సిరీస్ 4-0తో ముగిశాక, కుడిచేతికి పట్టీతో విలేకరుల ముందుకొచ్చాడు. మిగతా మూడు మ్యాచులూ దాదాపు విరిగిన చేత్తోనే ఆడానన్నాడు. జేఆర్ మతిమరుపు ఒక షాట్‌ను పోగొట్టింది. లెబ్రాన్ కోపం జట్టులో అందరికంటే విలువైన చేతిని దెబ్బతీసింది. మూడో మ్యాచ్‌లో తేడా ఎనిమిది పాయింట్లే. చేయి బాగుంటే గెలిచేవారని నేననను, ఆ వారియర్స్ జట్టు అలాంటిది. కానీ రెండు తప్పుల్లో పెద్దది ఏదని అడిగితే నా ఓటు వైట్‌బోర్డుకే. అభిమానులు మాత్రం జేఆర్‌ను మీమ్ చేశారు, లెబ్రాన్ గాయాన్ని వీరగాథ చేశారు.

ఎందుకిలా? చేతి తప్పును జనం క్షమిస్తారు. హిల్ షాట్ తప్పితే, పాపం టెన్షన్ అంటారు. బుర్ర తప్పును క్షమించరు. గ్యాలరీలో కూర్చున్న మనకు ఫ్రీ త్రో వేయడం రాదు కానీ స్కోర్‌బోర్డు చదవడం వచ్చు కదా. "ఇది నాక్కూడా తెలుసే" అనిపించిన చోటే కోపం ఎక్కువ. పైగా జేఆర్‌కు ముందునుంచీ తిక్క మనిషన్న పేరుంది. 2014లో ప్రత్యర్థుల షూ లేసులు విప్పి 50,000 డాలర్ల జరిమానా కట్టాడు. 2016లో కప్పు గెలిచాక రోజుల తరబడి చొక్కా లేకుండా తిరిగాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్నారు. అదే పని లెబ్రాన్ చేసి ఉంటే ఏదో వ్యూహం ఉండే ఉంటుందని సగం మంది వాదించేవారు.

మనకిది కొత్తేం కాదు. 1986లో షార్జాలో ఆఖరి బంతికి మియాందాద్ కొట్టిన సిక్సర్ చేతన్ శర్మను వదిలిందా? మరుసటి ఏడాదే ప్రపంచకప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ తీసినా, పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆ ఫుల్‌టాసే.

బాస్కెట్‌బాల్‌లో అంతకంటే కఠినమైన శిక్ష పడింది నిక్ ఆండర్సన్‌కి. 1995 ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో, సొంత గడ్డ మీద, ఓర్లాండో మ్యాజిక్ హ్యూస్టన్ రాకెట్స్ మీద 110-107తో ముందుంది. పది సెకన్ల చిల్లర మిగిలింది. ఆండర్సన్‌కి రెండు ఫ్రీ త్రోలు. రెండూ తప్పాయి. తప్పిన బంతిని తనే పట్టుకున్నాడు, మళ్లీ ఫౌల్, మళ్లీ రెండు. అవీ తప్పాయి. నాలుగింటిలో ఒక్కటి పడినా మ్యాచ్ దాదాపు చేతికి వచ్చినట్టే. హ్యూస్టన్ ఆటగాడు కెన్నీ స్మిత్ త్రీ పాయింటర్‌తో (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో హ్యూస్టన్ 120-118తో గెలిచింది. సిరీస్ 4-0.

అదే మ్యాచ్‌లో ఓర్లాండో ఒక దశలో 20 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అది కరిగించింది ఆండర్సన్ ఒక్కడేనా? మూడు పాయింట్లు ముందున్నప్పుడు, అవతలి వాళ్లు త్రీ వేసే లోపే కావాలని ఫౌల్ చేయాలా వద్దా? చేస్తే వాళ్లకు దక్కేవి రెండు ఫ్రీ త్రోలే. ఈ ప్రశ్న మీద బాస్కెట్‌బాల్ వాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఓర్లాండో చేయలేదు. కానీ ఎవరూ కోచ్‌ను ఏడిపించలేదు. ఒక నెల ముందు ప్లేఆఫ్స్‌లో (ఫైనల్స్‌కు చేర్చే నాకౌట్ దశ) మైకేల్ జోర్డాన్ వెనక నుంచి వచ్చి బంతి కొట్టేసి మ్యాచ్ తిప్పింది కూడా ఈ ఆండర్సనే, అది ఎంతమందికి గుర్తు? ఆ నాలుగు షాట్లు మాత్రం అతన్ని వెంటాడాయి. అంతకుముందు వందకు 70 దాకా ఫ్రీ త్రోలు వేసిన మనిషి, 1996-97 సీజన్ వచ్చేసరికి 40కి పడిపోయాడు. ప్రత్యర్థి అభిమానులు ఎగతాళి పేర్లతో అరిచేవారట. ఆ అరుపులే చేతిని వణికించాయని నేను రుజువు చేయలేను, కాదని కూడా అనలేను.

2013 దీనికి పూర్తిగా తిరగబడిన కథ. ఫైనల్స్ ఆరో మ్యాచ్, మయామి. లెబ్రాన్ అప్పట్లో మయామి ఆటగాడు. 28 సెకన్లు మిగిలి ఉండగా శాన్ ఆంటోనియో స్పర్స్ ఐదు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గెలిస్తే కప్పు వాళ్లదే. ట్రోఫీ వేడుక కోసం కోర్టు చుట్టూ పసుపు తాడు కట్టడానికి సిబ్బంది సిద్ధమయ్యారు. మయామి అభిమానులు కొందరు లేచి బయటికి వెళ్లిపోయారు, తర్వాత లోపలికి రానివ్వమని తలుపుల దగ్గర బతిమాలుకున్నారు. ఆ కాసేపట్లో స్పర్స్ ఆటగాడు మనూ జినోబిలి ఒక ఫ్రీ త్రో తప్పించాడు. లెబ్రాన్ త్రీ పడ్డాక స్పర్స్‌కే చెందిన కవాయ్ లెనార్డ్ ఒకటి తప్పించాడు. రెండిట్లో ఏ ఒక్కటి పడినా రే ఆలెన్ కార్నర్ నుంచి వేసిన ఆ ప్రసిద్ధమైన త్రీ స్కోరును సమం చేసేది కాదు. మయామి త్రీల కోసమే చూస్తుంది కాబట్టి చురుగ్గా కదిలేవాళ్లు కావాలని, స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పొడగరి టిమ్ డంకన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. లెబ్రాన్ షాట్ తప్పింది, రీబౌండ్ క్రిస్ బాష్‌కి దొరికింది, ఆలెన్‌కి అందించాడు. 95-95. ఓవర్‌టైమ్‌లో మయామి 103-100తో గెలిచింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచి కప్పు పట్టుకుపోయింది.

డంకన్‌ను తీసేయడం తప్పని అప్పుడు అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఆ లెక్క సరైనదే. లెబ్రాన్‌తో కష్టమైన షాటే వేయించారు, అది తప్పింది కూడా. ఒక్క రీబౌండ్ దక్కలేదు. ఫలితం చూసి నిర్ణయాన్ని తప్పుపట్టడం, లాటరీ తగలని వాణ్ని నంబర్ ఎంచుకోవడం రాలేదని తిట్టినట్టు ఉంటుంది. అదలా ఉంచితే, ఇక్కడ నింద ఒక్కరి మీద పడలేదు. కోచ్, జినోబిలి, లెనార్డ్ మధ్య పంచుకున్నారు, ఎవరి వాటా బరువూ మోయలేనంత కాలేదు. మరుసటి ఏడాది అదే మయామిని స్పర్స్ 4-1తో ఓడించింది. ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడు, ఫ్రీ త్రో తప్పించిన ఆ లెనార్డే. ఆండర్సన్‌కి అలాంటి మరుసటి ఏడాది రాలేదు.

ఎన్‌బీఏ కూడా ఈ అలవాటుకు ఆజ్యం పోసింది. హోరాహోరీ మ్యాచుల్లో చివరి రెండు నిమిషాల రిఫరీ నిర్ణయాల్లో ఏది ఒప్పో ఏది తప్పో 2015 నుంచి తనే నివేదిక ఇస్తోంది. మంచిదే. కానీ రెండో క్వార్టర్‌లో ఇచ్చిన తప్పుడు ఫౌల్‌కు కూడా అవే పాయింట్లు వస్తాయి. దాని గురించి ఎవరూ నివేదిక రాయరు.

చివరి నిమిషాల పిచ్చి స్టార్లను కూడా వదలదని డల్లాస్‌లో మనవాళ్లు దగ్గరగా చూశారు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో నిండా తెలుగు ఇళ్లే, 2024 జూన్‌లో ఆ ఇళ్లలో మావెరిక్స్ జెర్సీలే. బోస్టన్ సెల్టిక్స్‌తో ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో డల్లాస్ జట్టు మావెరిక్స్ 21 పాయింట్ల లోటును ఒక్క పాయింట్‌కి తెచ్చింది. 4:12 నిమిషాలుండగా జట్టు స్టార్ లూకా డాన్చిచ్ మీద ఆరో ఫౌల్ పడింది, ఆరైతే ఆటలోంచి తప్పుకోవాల్సిందే కాబట్టి బయటికి వెళ్లాడు. 106-99తో ఓటమి. మర్నాటి నుంచి చర్చంతా అతని డిఫెన్స్ మీదే, రిఫరీలతో గొడవల మీదే. అతను లేకపోతే ఆ జట్టు ఫైనల్స్ గడప తొక్కేదే కాదన్న సంగతి పక్కకు పోయింది. ఎనిమిది నెలలు తిరక్కముందే, 2025 ఫిబ్రవరిలో, మావెరిక్స్ అతన్ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసింది. చాంపియన్‌షిప్‌లు గెలిపించేది డిఫెన్సేనని జనరల్ మేనేజర్ నికో హారిసన్ సమర్థించుకున్నాడు. అదే ఏడాది నవంబర్‌లో ఆయన ఉద్యోగమూ పోయింది.

జేఆర్ స్మిత్ సంగతికొస్తే, 2020లో లేకర్స్ తరఫున, అదే లెబ్రాన్ పక్కన, ఇంకో కప్పు గెలిచాడు. మా బావమరిదికి అది లెక్కలోకి రాదు. ఏటా జూన్ 1న ఆ వీడియో ముక్క నాకు పంపాల్సిందే. కిందటిసారి వచ్చినప్పుడు, మొండిగా, 'అంతకు నాలుగు సెకన్ల ముందు జార్జ్ హిల్ ఫ్రీ త్రో తప్పాడు కదరా, వాడినేమీ అనవే?' అని రాశాను.

రెండు నిమిషాలకు జవాబొచ్చింది: "జార్జ్ హిల్ ఎవరు బావా?"