ఫోన్ దేనితోని సస్తది?

మా బావకు హన్మకొండ చౌరస్తా పక్క గల్లీల సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. నాకు కొత్త ఫోన్లు, కొత్త సాఫ్ట్‌వేర్ల పిచ్చి. మా అక్క ఫోన్ కొని ఐదేండ్లు. మొన్నటి ఎండలకు దాని బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేసింది. బ్యాటరీ మారుస్త అన్నడు బావ. ఫోనే మార్చాలె అన్న నేను. ఆదివారం పగటీలి దుకాణంల కూసోని పెట్టుకున్న పంచాయితీ ఇది. రాసేది నేను గనుక నా మాటలే పొడుగుంటయి. బావ అడిగితె జవాబు దొరకక నేను చాయ్ తాగిన చోట్లు కూడ ఉన్నయి, దాచలేదు.

బావ: చూడు, ఎట్ల బూరినదో. లోపల గ్యాస్ పట్టింది. రాత్రంత దిండు కింద పెట్టి చార్జింగ్! మీ అక్కకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. కొత్తది ఏస్తె ఇంకో రెండేండ్లు గుర్రం లెక్క ఉరుకుతది.

నేను: ఉరుకుతది బావ, కాదంటలేను. కాని దీనికి సెక్యూరిటీ అప్‌డేట్ రాక రెండేండ్లు దాటింది. అక్క దీంట్లనే బ్లౌజులు కుట్టిన పైసలు తీసుకుంటది, దీంట్లనే చిట్టీ కడ్తది. తాళం లేని ఇంటికి కొత్త సున్నం ఏస్త అంటున్నవ్.

బావ: అప్‌డేట్ వస్తలేదని ఒక్కడన్న నా దుకాణం మెట్టెక్కిండా? ఇరవై ఏండ్లాయె పెట్టి. స్క్రీన్ పలిగిందని వస్తరు. చార్జింగ్ పిన్ లూజైందని వస్తరు. మేడారం పోయి, జంపన్న వాగుల మునిగేటప్పుడు ఫోన్ జేబులనే ఉండెనని వస్తరు. జాతర అయిపోయినంక వారం రోజులు నాకు గదే పని. సాఫ్ట్‌వేర్ సచ్చిందని మాత్రం ఎవ్వడు రాలె.

నేను: రారు బావ. అది సచ్చినట్టు కండ్లకు కనపడదు, అందుకే రారు. ఇగ నేను చెప్పేది జర ఇను. ఫోన్‌ల నీ చేతికి దొరికే భాగాలే నువ్వు చూస్తవ్, తప్పు లేదు, నీ పని అది. కంప్యూటర్ల సంగతి తీస్కో. 2025 అక్టోబర్ 14 నాడు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. 2015ల వచ్చిన విండోస్ అది. విండోస్ 11కు పోదామంటె టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలె, ఇంటెల్ ప్రాసెసర్ అయితె దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలె అన్నరు. ఆ ముందటి మిషన్లకు ఏం రోగమొచ్చింది? కీబోర్డు మంచిగుంది, స్క్రీన్ మంచిగుంది, ఒక్క స్క్రూ ఊడలె. అయినా పాత సామాను కింద లెక్క. ఇగ నా పాత ల్యాప్‌టాప్ నువ్వు చూసినవ్ గదా. దాంట్ల విండోస్ తీసేసి, లినక్స్ మింట్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ ఏసుకున్న. సాయంత్రం రెండు గంటల పని, పైస ఖర్చు లేదు. ఇప్పుడు పిల్లలు దాంట్లనే క్లాసులు ఇంటున్నరు. మిషన్ అదే, ర్యామ్ అదే. సంపేది సాఫ్ట్‌వేరే, లేపి కూసోబెట్టేది సాఫ్ట్‌వేరే. అందుకే నేను కొత్త ఫోన్ చూసేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడగుడు మానేసిన. ఎన్నేండ్లు అప్‌డేట్లు ఇస్తవ్, అదొక్కటే అడుగుత. 2023 అక్టోబర్‌ల పిక్సెల్ 8కు గూగుల్ ఏడేండ్లు అన్నది. 2024 జనవరిల గెలాక్సీ ఎస్24కు సామ్‌సంగ్ కూడ ఏడేండ్లే అన్నది. అంతకుముందు మూడేండ్లు ఇస్తె మహా గొప్ప అనుకునేటోళ్లం.

బావ: అయిపోయిందా? సరే. ఏడేండ్లు అప్‌డేట్ ఇస్తరు. మరి బ్యాటరీ ఏడేండ్లు వస్తదా?

నేను: ...రాదు.

బావ: రాదు గదా! ఆ బ్యాటరీని గమ్ పెట్టి అతికిస్తరు. నేను వెనక గ్లాసును వేడి చేసి, సన్న ప్లాస్టిక్ కార్డు దూర్చి, ఊపిరి బిగవట్టి తియ్యాలె. జర వంకర పోతె స్క్రీన్ కేబుల్ తెగుతది, నీ ఏడేండ్లు ఏట్ల కల్సినట్టే. నోకియా 1100 యాదికున్నదా? గోటితోని మూత తీస్తె బ్యాటరీ చేతుల వడేది. మా నాయన కొత్తవాడల జంపఖానలు నేసెటోడు. పోగు తెగితె ముడి ఏసెటోడు. పోగు తెగిందని మగ్గం మార్చినోడు ఎవడన్న ఉన్నడా?

నేను: గమ్ సంగతిల నువ్వు గెలిచినవ్ తియ్యి. ఫోన్ సన్నగుండాలె, నీళ్లు పోవద్దు అని మనమే అడిగినం, వాళ్లు అతికిచ్చి ఇచ్చిన్రు. యూరప్ల అయితె 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీ ఎవరిది వాళ్లు తీసి ఏసుకునేటట్టు ఉండాలని చట్టం చేసిన్రు. దాంట్ల మినహాయింపులు కూడ ఉన్నయనుకో. అన్ని ఫోన్లకు ఒక్కటే టైప్-సీ చార్జర్ ఉండాలన్న సంగతి కూడ ఆడ గట్లనే అయింది, గట్టిగ పట్టుకుంటె ఐఫోన్ 15 కూడ దారికొచ్చింది.

బావ: యూరప్ల చట్టం జేస్తె హన్మకొండల నాకు గమ్ తక్కువయితదా? అది తర్వాత. నాకొకటి చెప్పు. అప్‌డేట్ ఏస్తె ఫోన్ స్లో అయితదని జనం అంటరు. ఐఫోనోడు చేసి దొరికిండు గదా?

నేను: దొరికిండు. 2017 డిసెంబర్‌ల ఆపిల్ తనే ఒప్పుకున్నది. అయితే దాని ఎనక సంగతి ఉన్నది బావ. బ్యాటరీ పాతదైతె ఒక్కసారిగ ఎక్కువ కరెంటు ఇయ్యలేదు, ఫోన్ నడుస్తుండంగనే ఆగిపోతది. అట్ల ఆగకుంట సాఫ్ట్‌వేర్‌తోని ప్రాసెసర్ స్పీడు తగ్గించిన్రు. పని తప్పు కాదు, చెప్పకుంట చేసుడు తప్పు. లొల్లి అయినంక 79 డాలర్ల బ్యాటరీ మార్పిడి 29 డాలర్లకు దించిన్రు. మార్చుకున్నోళ్ల ఫోన్లు మళ్ల మునుపటి లెక్క నడిచినయి.

బావ: ఏందీ, ఇంకోసారి చెప్పు?

నేను: బ్యాటరీ మార్చుకుంటె మళ్ల మునుపటి లెక్క...

బావ: పొద్దటి సంది నేను మొత్తుకునేది గదే గదరా బామ్మర్ది!

(ఇక్కడ నేను చాయ్ తాగిన. దుకాణం పోరగాడు నవ్విండు, వానికి తర్వాత చెప్త.)

నేను: సరే, ఆ ఒక్కటి నీ ఖాతాల రాసుకో. కాని పైసల సంగతి? వాట్సాప్‌ల పెండ్లి కార్డు అని ఏపీకే ఫైల్, అంటె ఫోన్‌ల యాప్ ఎక్కించే ఫైల్, పంపుతున్నరు. నొక్కితె మెసేజీలు మొత్తం వాని చేతులకు పోతున్నయి. పాత ఫోన్‌ల అసొంటియి దూరడానికి సందులు ఎక్కువ.

బావ: కొత్త ఫోన్‌ల ఏపీకే నొక్కితె పైసలు పోవా? ఓటీపీ నోటితోని చెప్పినోన్ని ఏ అప్‌డేట్ ఆపుతది? మొన్న ఒకాయన కొత్త ఫోనే, నెల కాలె కొని. మొత్తం ఊడ్చుకపోయిన్రు. నా దగ్గరికొచ్చి ఏడుస్తడు, నేనేం చెయ్యాలె?

నేను: తలుపు మనమే తీస్తె ఏ తాళం ఆపదు, ఒప్పుకుంట. కాని తలుపు తియ్యకున్నా గోడల కన్నం ఉన్నదనుకో, దాన్ని పూడ్చేది మాత్రం అప్‌డేటే. అక్క ఏపీకేలు నొక్కే మనిషి కాదు. అందుకే ఆమెకు గోడ గురించే నా రంది.

బావ: మీ అక్క దేన్నీ నొక్కది, నిజమే. తెలుగుల వచ్చిన మెసేజీ కూడ నొక్కది, ఐఫోన్ లెక్క సస్తదేమో అని భయం. నువ్వే చెప్పినవట గదా ఆ కథ.

నేను: కథ కాదు, నిజంగ జరిగింది. 2018 ఫిబ్రవరిల. 'జ్ఞా' అనే అక్షరం, మధ్యల కనపడని ఒక గుర్తు చేరితె, ఐఫోన్‌ల మెసేజీ యాప్ తెరవంగనే కూలిపోయేది. తెలుగు రాయరాని దేశాలోళ్లు కూడ ఒకరి ఫోన్‌లకు ఒకరు అదే పంపుకొని ఆడుకున్నరు. కొన్ని రోజులకే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరి చేసిన్రు. చూసినవా, అప్‌డేటే!

బావ: అంత పెద్ద ఫోన్, జ్ఞానం మొదటి అక్షరానికే తట్టుకోలె. తెలుగంటె మాటలా!

నేను: నువ్వు తెలుగు గురించి మాట్లాడకు బావ. "బాగున్నవా" అని ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టేటోనివి.

బావ: నీ తెలుగుతోని ఏమైందో మర్చిపోయినవా? నా గృహప్రవేశం కార్డు!

నేను: అది నా తప్పా? నేను యూనికోడ్‌ల, అంటె ఏ ఫోన్‌లనైనా కంప్యూటర్‌లనైనా ఒక్క తీరుగ చదివే పద్ధతిల, ముత్యాల లెక్క టైప్ చేసి పంపిన. ప్రెస్సుల ఆయన కాడ యూనికోడ్ తెల్వని పాతకాలం డీటీపీ ఫాంట్లు. దాంట్ల అతికిస్తె అన్ని డబ్బాలు, ప్రశ్నార్థకాలు వచ్చినయి. ఆయన మళ్ల మొత్తం చేతితోని కొట్టిండు.

బావ: కొట్టి "గ్రుహప్రవేశం" చేసిండు. మూడొందల కార్డులు! మీ పెదనాయన తెలుగు సారు, ఇంటికొచ్చి భోజనం చేసుకుంట కూడ అదే మాట. ఏడాదాయె, ఇంకా అంటనే ఉన్నడు.

నేను: యూనికోడ్‌ల తెలుగు 1991 సంది ఉన్నది. ముప్పై ఏండ్లు దాటినా ప్రెస్సులు మారకపోతె నేనేం చెయ్యాలె?

బావ: మారరు. పాతది నడుస్తున్నదని మారరు. ఆయనను తిట్టకు, ఆయన ఆ ఫాంట్లతోనే ఇల్లు కట్టిండు.

(దీని మీద ఇంకో పావు గంట పోయింది. రాయను, ఇద్దరికీ మర్యాద కాదు.)

నేను: అసలు సంగతికి రా. రేపు పైసల యాప్ "ఈ ఫోన్‌ల ఇగ నడవ" అంటె? అది బెదిరింపు కాదు, పాత ఆండ్రాయిడ్‌లను యాప్‌లు ఒక్కొక్కటిగ వదిలేస్తనే ఉంటయి. అక్క దుకాణం కాడ జనం స్కాన్ చేసి నిలవడ్తరు, పైసలు వచ్చినయా లేదా ఆమెకు తెల్వది.

బావ: (జర సేపు ఆగి) గది మాత్రం కరెక్టే. ఆ రోజు వస్తది. వచ్చినప్పుడు కొందాం. నీకొకటి తెల్వది బామ్మర్ది. మీ అక్క ఫోన్ ఎందుకు మారుస్తలేదు? పైసలకా? నేను రెండుసార్లు కొత్తది తెచ్చి పెట్టిన. ఇంట్ల డబ్బలనే ఉన్నయి. దీంట్ల మీ అమ్మ మాట్లాడిన కాల్ రికార్డింగులు ఉన్నయి. కొత్త దాంట్లకు పోతె ఏడ పోతయో అని.

నేను: అవి మార్చచ్చు బావ. కేబుల్ పెడితె పది నిమిషాలు.

బావ: నాకు తెల్వదా? నా దుకాణమే అది. ఆమెకు చెప్పు పో.

చెప్పలె. బావ ఉబ్బిన బ్యాటరీని మెల్లగ ఊడదీసి ఇసుక డబ్బల పెట్టిండు, కొత్తది ఏసి, గమ్ పూసి, క్లిప్పులు బిగించిండు. అరగంట ఆగినంక ఆన్ చేసిండు. వెలిగింది. నాకు చూపెట్టాలని తనే సెట్టింగులల్లకు పోయి అప్‌డేట్ నొక్కిండు.

బావ: చదువు. "మీ సిస్టమ్ అప్‌టుడేట్‌గా ఉంది." తెలుగులనే రాసిండు చూడు. ఇంకేం గావాలె?

నేను: దాని కింద సన్న అక్షరాలల్ల తేదీ ఉంటది. అది చదువు.

బావ: అద్దాలు ఏడ పెట్టిన...

నేను: 2023 ఆగస్టు.

బావ: (ఫోన్ బోర్ల పెట్టి) చార్జింగ్ ఎంతున్నదో చూడు ముందుగాల.