సముద్రం కనిపించే ఇల్లు

లోకమంతా బ్లాకులనే ఘనాలతో పేర్చి ఉండే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో పగటి వెలుగు 10 నిమిషాలే ఉంటుందని తెలిసి కూడా, మొదటి రోజున అందులో 9 నిమిషాలను ఇంటి స్థలం చూడడానికే వెచ్చించినవాణ్ని నేను. మా మేనల్లుడు మాత్రం ఆట మమ్మల్ని దించిన చోటు నుంచి పట్టుమని పదడుగులు కదలలేదు. ఎదురుగా ఉన్న మట్టిదిబ్బకు ఒక కన్నం వేసి, దానికొక తలుపు బిగించి, లోపల ఒక పెట్టె, ఒక కొలిమి పెట్టుకొని, "మామయ్యా, ఇదే మన బేస్" అని ప్రకటించాడు. నేను లోపలికి తొంగి చూశాను. నిలబడితే తలకు కప్పు, పడుకుంటే కాళ్ళకు గోడ తగిలే ఆ బిలాన్ని ఇల్లు అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

"ఒరేయ్, స్థలం ఎంచుకోవడమంటే కాళ్ళు నొప్పి పుట్టిన చోట కూలబడడం కాదురా. నీరుండాలి, కలప ఉండాలి, రాయి ఉండాలి, నాలుగు మడులు వేసుకోవడానికి చదునైన నేల ఉండాలి. వీటన్నిటినీ మించి, కిటికీ తెరిస్తే కంటికి ఏదైనా ఆనాలి" అని చెప్పి బయలుదేరాను. చీకటి పడబోతోందని వాడు వెనక నుంచి అరిచిన మాట వినిపించింది కానీ, పట్టించుకోలేదు.

చీకటి పడనే పడింది. ఏ స్థలమూ ఖాయం కాకుండానే పరుగెత్తుకొచ్చి ఆ కన్నం తలుపు తట్టేసరికి, నా వెనకాలే ఒక క్రీపర్ కూడా వచ్చి నిలబడిందని నాకు తెలియదు. ఈ ప్రాణి అడుగుల చప్పుడు లేకుండా వస్తుంది; దగ్గరికి చేరాక ఒక్క బుస కొట్టి, 1.5 సెకన్లలో పేలిపోతుంది. ఆ వ్యవధిలో మనిషికి సాధ్యమయ్యే పని 'ఏమిటా చప్పుడు' అని వెనక్కి తిరిగి చూడడం ఒక్కటే. నేను అదే చేశాను. చచ్చి, మళ్ళీ ఆ దిబ్బ పక్కనే పుట్టాను. తెల్లవారాక చూస్తే వాడి బేస్‌కు తలుపు లేదు, తలుపును పట్టుకొని ఉండవలసిన గోడ కూడా లేదు. "గాలీ వెలుతురూ ఇప్పుడు కాస్త నయం" అన్నాను. వాడు ఏమీ అనకుండా మట్టి మోసుకొచ్చి పూడ్చుకున్నాడు.

ఆ తరువాత నాలుగు రోజులు నేను తొక్కని నేల లేదు. అడవిలో చెట్ల నీడన పట్టపగలే జాంబీలు నిలబడి ఉంటాయి కనుక అడవి వద్దనుకున్నాను. ఎడారిలో కింద ఇసుక తీస్తే పై ఇసుక నెత్తిన పడుతుంది, పైగా కలప దొరకదు. చిత్తడి నేలలో రాత్రిళ్ళు స్లైములనే జిగురుముద్దల ప్రాణులు గెంతుతాయి, పౌర్ణమినాడైతే మరీను. మైదానం మాత్రం అన్ని విధాలా బాగుంది. ఎంత బాగుందంటే, దానికి వంక పెట్టడానికి నాకు సగం రోజు పట్టింది. చివరకు మరీ చదునుగా ఉందని వదిలేశాను.

ఈ తిరుగుళ్ళలో నేను నిద్రపోలేదు. ఇద్దరు కలిసి ఆడే లోకంలో ఇద్దరూ మంచమెక్కితే తప్ప రాత్రిని దాటించడం కుదరదు. ఒక్కరు మెలకువగా తిరుగుతున్నా రెండోవాడు మంచం మీద పడుకొని చీకటి కరిగేదాకా కాచుకోవలసిందే. "మామయ్యా, మీరు పడుకోకపోతే నాకు తెల్లవారదు" అని వాడు రాత్రి రాత్రికీ మొరపెట్టుకునేవాడు. మూడు రోజులు కంటికి కునుకు లేనివాడి మీదికి ఆకాశం నుంచి ఫాంటమ్‌లనే ఎగిరే భూతాలు రెక్కలు చాచుకొని దిగుతాయి. అవి నన్ను తరుముతుంటే కూడా, పరుగెత్తుతూనే, దారిలో కనిపించిన ప్రతి దిబ్బనూ ఇల్లు కట్టడానికి పనికొస్తుందా అని చూస్తూ పోయాను. స్థలాన్వేషణ ఒక వ్యసనమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదనుకుంటాను.

ఐదో రోజు ఉదయం ఆ కొండ కనిపించింది. 2021 నవంబరులో వచ్చిన మార్పుతో ఈ ఆట లోకానికి కప్పు 320 బ్లాకుల ఎత్తుకు లేచి, అడుగు మైనస్ 64కు దిగింది. కొండలు నిజంగా కొండల్లా పెరిగాయి. నేను చూసిన శిఖరం ఎత్తు 190. తెల్లని మంచు, అంచున నిట్టనిలువు చరియ, చరియకు తూర్పున 120 బ్లాకులకు పైగా లోతున సముద్రం, దాని మీద ఉదయించే చతురస్రాకారపు సూర్యుడు. నీరు, కలప, చదునైన నేల అని నేను వల్లించిన పాఠమంతా ఆ సూర్యుణ్ని చూడగానే మరిచిపోయాను.

కలప లేదన్న సంగతి మొదటి గోడ సగానికి లేచాక గుర్తుకొచ్చింది. మంచు శిఖరం మీద చెట్టన్నది మొలవదు. దుంగలన్నీ కింది వాలు నుంచి మోసుకురావాలి. ఆ వాలులో అక్కడక్కడా పొడి మంచు ఉంటుంది. చూపులకు అది మామూలు మంచే. కాలు పెడితే నిలువునా దిగబడి, తోలు బూట్లు లేనివాణ్ని గడ్డకట్టించి చంపుతుంది. రెండుసార్లు దిగబడ్డాక బూట్లు కుట్టుకున్నాను. ఆపైన, కింది నుంచి మోసుకొచ్చిన మట్టితో మడి కట్టాను. ఒక్క నీటి గుంట చుట్టూ నాలుగేసి బ్లాకుల దాకా నేల తడుస్తుందని లెక్క వేసి, మధ్యలో ఒక బకెట్ నీళ్ళు పోసి, తృప్తిగా వెనక్కి తిరిగానో లేదో ఆ నీళ్ళు మంచుగడ్డ అయ్యాయి. పగలగొట్టి మళ్ళీ పోశాను, మళ్ళీ గడ్డకట్టాయి. పక్కన టార్చి పాతితే ఆ వెలుగుకు నీరు నీరుగానే ఉంటుందని మేనల్లుడు చెప్పేదాకా, నేను వ్యవసాయం పేరుతో ఐసు తయారు చేశాను.

వజ్రాల సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. అవి లోకపు అడుగున, మైనస్ 59 ప్రాంతంలో ఎక్కువగా దొరుకుతాయి. 190 ఎత్తున కాపురముండేవాడు వాటి కోసం దాదాపు 250 బ్లాకులు దిగాలి, దిగినవాడు మళ్ళీ ఎక్కాలి. "కానీ పచ్చల ఖనిజం కొండల్లోనే దొరుకుతుందిరా, ఇంకెక్కడా దొరకదు" అని నేను మేనల్లుడి ముందు గొప్పగా అన్నాను. అది నిజమే. ఆ పచ్చలు తీసుకొని సరుకులిచ్చే గ్రామస్థులు మాత్రం నా కొండకు కనుచూపు మేరలో లేరు. అందుచేత నేను ధనవంతుణ్నయి, ఖర్చు పెట్టడానికి మార్గం లేక, పచ్చలను జేబులో వేసుకొని తిరిగేవాణ్ని.

ఇన్ని ఉన్నా ఇల్లు పూర్తయింది. చరియ అంచు దాటి గాలిలోకి నాలుగు బ్లాకులు చొచ్చుకొచ్చేలా ఒక వసారా కట్టాను. అక్కడ నిలబడితే కాళ్ళ కింద 60 బ్లాకుల దాకా ఏమీ ఉండదు. ఈ ఆటలో నిండు ప్రాణంతో ఉన్న మనిషి చావడానికి 23 బ్లాకులు చాలు. ఇల్లు చూడడానికి రమ్మని మేనల్లుణ్ని పిలిచాను. శిఖరం మీద మన్ను లేదు కనుక, వచ్చేటప్పుడు తోటకు కాస్త మట్టి తెమ్మని కూడా చెప్పాను. వాడు వస్తున్నాడని ఆ ఉదయమే, మూలన ఉన్న మంచాన్ని పీకి, సూర్యోదయం ఎదురుగా కనిపించేలా కిటికీ పక్కన వేశాను. జరిపింది నాలుగు బ్లాకులే.

వాడి దిబ్బకూ నా కొండకూ దూరం 1,800 బ్లాకులు, నడక 7 నిమిషాలు. 'కాస్త' అన్న మాటకు పిల్లల లెక్క వేరు కాబోలు, జేబులోని 36 గడుల్లో ఒకటి కత్తికి వదిలి, మిగిలిన 35 గడుల్లోనూ గడికి 64 చొప్పున 2,240 బ్లాకుల మట్టి నింపుకొని వచ్చాడు. రెండో చేతిలో పట్టుకొచ్చిన కంచె కర్రలు 11 నా ముందు పడేసి, "మామయ్యా, ముందు వసారాకు కంచె కట్టండి" అన్నాడు.

"కంచె కడితే సముద్రం కనిపించదురా" అని వాటిని జేబులో వేసుకున్నాను.

"ఇక్కడ మేకలు ఉంటాయి మామయ్యా."

"ఉండనీ. ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు."

మంచు శిఖరాల మీద తిరిగే మేకలకు ఈ ఆటలో ఒక గుణం ఉంది. కదలకుండా నిలబడిన ప్రాణిని ఏ కాస్త దూరం నుంచి చూసినా వాటికి మనసు నిలవదు. తల వంచి, నేలను కాలితో దువ్వి, బాణంలా వచ్చి ఢీకొంటాయి. దెబ్బ పెద్దది కాదు, విసురు పెద్దది. దృశ్యం చూడడమంటే కదలకుండా నిలబడడమే కదా! నేను వసారా చివర నిలబడి, సముద్రాన్ని చూపించి, "ఇప్పుడు చెప్పు, స్థలమంటే ఎలా ఉండాలి?" అని అడిగాను. జవాబు మేక చెప్పింది.

పడుతున్నంతసేపూ సముద్రం చాలా బాగా కనిపించింది. ఆ తరువాత ఇద్దరి తెరల మీదా, నా పేరుతో సహా, మేక మూలంగా పడిపోయే రాత నాకు రాసిపెట్టి ఉందన్న అర్థంలో ఒక వాక్యం పడింది. మేనల్లుడు నవ్వాపుకోవడానికి ప్రయత్నిస్తున్న చప్పుడు నా చెవుల్లో స్పష్టంగా వినిపించింది.

కళ్ళు తెరిచేసరికి ఆ మట్టిదిబ్బ ఎదురుగా ఉన్నాను. మంచం మీద పడుకుంటేనో, కనీసం దాన్ని ఒకసారి నొక్కితేనో అది మన పునర్జన్మ స్థానమవుతుంది. దాన్ని పీకి మరోచోట వేస్తే పాత లెక్క చెల్లదు, కొత్త లెక్క మొదలు కాదు. కిటికీ పక్కన అందంగా అమర్చి, నొక్కకుండా దూరంగా నిలబడి మురిసిపోయిన మంచానికి నేనెవరో తెలియదు.

"కంగారు పడకండి మామయ్యా, మీ సామాన్ల దగ్గరే నేనున్నాను" అన్నాడు వాడు.

"నువ్వు ఉండడమేరా అసలు కంగారు!"

చచ్చినవాడి జేబులోంచి కింద పడిన సామాను 5 నిమిషాల్లో మాయమైపోతుంది. దగ్గరలో ఎవరూ లేకపోతే ఆ ప్రాంతం నిద్రపోతుంది, గడియారం కూడా ఆగుతుంది. అంటే, వాడు రాకపోయి ఉంటే నేను తీరిగ్గా 7 నిమిషాలు నడిచి వెళ్ళి అన్నీ ఏరుకునేవాణ్ని. వాడు పైన కాపలా ఉన్నందువల్ల గడియారం నడుస్తోంది. వాడు మెట్ల మీదుగా పరుగెత్తాడు. ఆ మెట్లు కూడా నేను కట్టినవే, మలుపు మలుపుకూ ఆగి సముద్రం చూసేలా ఒక కిటికీతో. తిన్నగా దిగితే నిమిషం పట్టని దారి వాడికి నాలుగు నిమిషాలు పట్టింది.

"మామయ్యా, ఇక్కడే ఉన్నాయి. కానీ నా జేబులో చోటు లేదు."

"మట్టి పారెయ్!"

"మీరే తెమ్మన్నారు కదా?"

ఈ సంభాషణ పది సెకన్లు తినేసింది. వాడు ఒక్కో గడి మట్టిని పారేస్తూ ఒక్కో వస్తువును ఎత్తుకుంటుండగానే మిగతావన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. పచ్చలు పోయాయి, ఇనుప గునపం పోయింది. దక్కిన వాటిలో ఒక బకెట్టు, తోలు బూట్లు, 11 కంచె కర్రలు ఉన్నాయి.

అప్పటికి పొద్దు వాలింది. వట్టి చేతులతో 1,800 బ్లాకులు చీకట్లో నడిచే ధైర్యం నాకు లేదు. కొండ దిగే ధైర్యం వాడికి లేదు. ఇద్దరూ పడుకుంటే తప్ప తెల్లవారదు కనుక, వాడు కిటికీ పక్కన నా మంచమెక్కాడు, నేను కన్నంలో వాడి మంచమెక్కాను. కాళ్ళకు గోడ తగిలింది. అయినా చేయి చాపితే పెట్టె, రెండో చేయి చాపితే కొలిమి, తలుపు తీస్తే ఏరు, ఏటి గట్టున చెట్లు. పెట్టెలో వెదికితే టార్చీలు టార్చీల వరుసలోనే ఉన్నాయి. ఇదంతా నేను వాడికి చెప్పదలచుకోలేదు.

తెల్లవారింది. నేను ఆ మట్టిగోడకు ఒక చిన్న కిటికీ ఎక్కడ పెడితే బాగుంటుందా అని కొలతలు చూసుకుంటున్నాను.

"మామయ్యా," వాడి గొంతు మెల్లగా వచ్చింది, "మీరన్నది నిజమే. ఇక్కడి నుంచి సముద్రం చాలా బాగుంది. ఒక్క నిమిషం నిలబడి చూస్తాను."

"నిలబడకురా, కదులుతూ చూడు!" అని నేను అరిచేలోపే తెర మీద నిన్నటి వాక్యమే మళ్ళీ పడింది. మేక అదే, పేరు మాత్రం మా మేనల్లుడిది.