నీళ్ళపాలవాడికి సన్మానం జరగాలి

విజయనగరం కంటోన్మెంటులో మా వీధికి ఒక రిటైర్డు హెడ్‌క్లర్కుగారు రక్ష. ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూసేది పెన్ను కాదు, లాక్టోమీటర్: పాలలో నీళ్ళు కలిస్తే అంకె తగ్గించి చూపే గాజుబుడ్డి. పాలవాడు సైకిలు స్టాండు వెయ్యగానే అరుగు మీద కోర్టు మొదలవుతుంది. పాలు పొడవాటి గ్లాసులోకి వస్తాయి, గాజుబుడ్డి మునిగి తేలుతుంది, ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి గొంతుక్కూర్చుంటారు. వీధి వీధంతా ఊపిరి బిగబడుతుంది.

"26! ఏమయ్యా, ఇవి పాలా, పెద్దచెరువు నీళ్ళా?"

"సుక్క నీళ్ళు కలిపితే ఒట్టు బాబూ. కుడితి ఎక్కువ తాగేసింది, అందుకే పల్చనయ్యాయి. ఆవుని ఎంత బాగా సూసుకుంటన్నానో మీకేటి తెలుసు? గోమార్లు పట్టేస్తే మొన్ననే సూది కూడా ఏయించినాను. అన్నీ రాలిపోనాయి!"

"సూది గొడవ నాకెందుకయ్యా? నీళ్ళ సంగతి చెప్పు."

తీర్పు: లీటరుకు రెండు రూపాయలు కోత. కోర్టు రేపటికి వాయిదా.

నిందితుడు తనంతట తానే అసలు విషయం ఒప్పుకుంటే వద్దన్న న్యాయమూర్తి ప్రపంచంలో ఈయనొక్కరే అయ్యుంటారు. ఆవు రక్తం తాగే గోమార్లకు వేసే ఆ సూది సాధారణంగా ఐవర్‌మెక్టిన్. గొప్ప మందే. దాన్ని కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ కూడా వచ్చింది. కాకపోతే అది కొవ్వును పట్టుకుని వదలదు, రోజుల తరబడి పాలలోకి దిగుతూనే ఉంటుంది. పాలిచ్చే ఆవుకు ఈ సూది వెయ్యకూడదని చాలా దేశాల్లో నిబంధన. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కిలో ఆవుపాలకు 10 మైక్రోగ్రాములు దాటకూడదంది. మన లాక్టోమీటర్‌కు మైక్రోగ్రాములు కనపడవు, పాపం.

"మరిగిస్తే అన్నీ చస్తాయి" అంటారా? చచ్చేవి సూక్ష్మజీవులు. మందుకు ప్రాణం లేదు కదండీ, చావడానికి. మీగడ తీస్తే మీగడతో వస్తుంది, వెన్న చిలికితే వెన్నతో వస్తుంది. మనవడికి ప్రేమగా పెట్టే వెన్నముద్ద దగ్గర దాని వాటా ఇంకా ఎక్కువ.

ఈ లెక్కన చెంబెడు పాలకు చెంబెడు నీళ్ళు పోసే మహానుభావుడు లీటరుకు సగం మందు తగ్గిస్తున్నాడు. ఈ జిల్లాలో నా కంటపడిన పాలలో మందు అవశేషాలు తగ్గించే ఏకైక పథకం ఇదే. పైసా ప్రభుత్వ నిధి లేకుండా, సెలవు లేకుండా నడుస్తోంది. అతన్ని గంటస్తంభం దగ్గర నిలబెట్టి శాలువా కప్పాల్సింది పోయి రెండు రూపాయలు కోస్తామా?

2018లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. మనం నిద్రలో కూడా కలవరించే యూరియా, డిటర్జెంటు లాంటి కల్తీ దొరికింది 12 నమూనాల్లో. యాంటీబయాటిక్‌లు హద్దు దాటినవి 77. మన భయం ఒక దారిన, పశువుల మందులు ఇంకో దారిన పోతున్నాయి.

ఇంతకీ ఆ పాలవాడిని దోషి అంటారేమో, నేను ఒప్పుకోను. సీసా మీద జాగ్రత్తలు ఎవరి కోసం రాశారు? చీమ తలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. సూది వేసినవాడు డబ్బులు తీసుకుని బండెక్కాడు, "ఈ పాలు పొయ్యకు" అనే మూడు ముక్కలు నోట రాలేదు. కొనే కేంద్రం వెన్న శాతం చూసి డబ్బు లెక్కగడుతుంది, మందు ఊసెత్తదు. కడుపులో నట్టలకు ఆల్బెండజోల్ మందు తాగించినా కొన్నాళ్ళు పాలు పక్కన పెట్టాలని రైతుకు చెప్పే దిక్కు లేదు. చెప్పారనే అనుకుందాం. రెండు ఆవుల మీద ఇల్లు నడిపే మనిషి ఆ పాలు పారబోస్తే దాణా అప్పు ఎవరు తీరుస్తారు, మీరా? యూరప్, అమెరికాల్లో పాలు పారబొయ్యక్కర్లేని ఎప్రినోమెక్టిన్ అనే మందు ఉంది. అది మన రైతు గుమ్మం దాకా అందే ధరలో తేవడం ఎవరి పని? ఆ పని చెయ్యాల్సినవాళ్ళు చెయ్యరు, చెప్పాల్సినవాళ్ళు చెప్పరు, మనం మాత్రం పొద్దున్నే లేచి బక్కప్రాణి మీద ఎగిరి పడతాం. సిగ్గుండాలి!

హెడ్‌క్లర్కుగారితో ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. రేపటి నుంచి పాలవాడిని మార్చేస్తున్నారట. కొత్తవాడి పాలు 30 చూపిస్తున్నాయట.