మహారాజశ్రీ దగ్గు సిరప్ సీసా గారికి

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. మీ కుశలానికి లోటేమీ లేదని మా పాలమూరులో ఏ ఇంటి గూట్లోకి తొంగిచూసినా తెలుస్తుంది. మూత చుట్టూ జిగురు, జిగురు చుట్టూ చీమలు, పక్కనే నెల రోజులుగా దగ్గుతున్న నాలుగేళ్ల పిల్ల.

మీ హయాం ముచ్చటగా సాగుతోంది. మొదటి వారం ఎర్ర సీసా, రెండో వారం పచ్చ సీసా. ఆ తర్వాత ఆర్‌ఎంపీ గారు ఒక సూది పొడిచి, ‘వాతావరణం మారింది కదా’ అంటారు. పుణెలో మేస్త్రీ పనికి పోయి చిక్కి శల్యమై తిరిగొచ్చిన బాబాయి అదే గదిలో తెల్లవార్లూ దగ్గుతుంటాడు. అది మాత్రం బీడీ దగ్గు. ఒకే గదిలోని రెండు దగ్గులకు చుట్టరికమే లేకుండా చేశారు, ఎంత చాకచక్యం!

అంగన్‌వాడీ కార్డులో పిల్ల బరువు గీత పైకి లేవడం లేదు. ‘మా వంశంలో అందరూ సన్నమే’ అని నాయనమ్మ తీర్పు. రెండు వారాలు దాటిన దగ్గో జ్వరమో, పెరగని బరువో కనిపిస్తే టీబీని అనుమానించాలని మీ లేబుల్ మీద రాయరు. రాస్తే మీ వ్యాపారం ఏమైపోవాలి?

తీరా పెద్దాసుపత్రికి వెళ్తే కఫం పట్టుకురమ్మని డబ్బా ఇస్తారు. పసిపిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు. అందుకే పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీయాలి, లేదా మలాన్ని టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్షకు పంపాలి. అప్పుడైనా పిల్లల్లో క్రిములు తక్కువ కాబట్టి దొరక్కపోవచ్చు. ఎక్స్‌రే, చర్మంలోకి సూది వేసి చూసే టీబీ పరీక్ష, ఇంట్లో దగ్గేవారి సంగతి అన్నీ కలిపి డాక్టరే తేల్చాలి. మనవాళ్లు ‘నెగెటివ్’ కాగితం పట్టుకుని నేరుగా మీ శరణు వేడతారు. అవతల సర్కారు దవాఖానాలో నీళ్లలో కరిగే టీబీ మాత్రలు ఉచితం. ముదరని జబ్బుకు పిల్లల్లో నాలుగు నెలల వైద్యం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది.

ఒక్క మనవి. ఈసారి మీ మూత తిరగకుండా మొరాయించండి. ఆ విసుగులోనైనా బాబాయిని ఎవరో ఒకరు పరీక్షకు లాక్కెళ్తారేమో. అతనికి టీబీ అని తేలితే ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరినీ పరీక్షించి, జబ్బు లేనివారికి నివారణ మందు ఇవ్వాలి. ఆ ఇంట్లో పదకొండు నెలల పసివాడు కూడా ఉన్నాడు. రెండేళ్లలోపు వారికి దగ్గు సిరప్ రాయవద్దని కేంద్రం 2025 అక్టోబరులో చెప్పింది. వాడికి నిన్న రాత్రి కూడా మిమ్మల్నే అర చెంచా పోశారు.