రోజుకు వంద సిటప్స్ మెసేజ్‌కి ఒక డ్రిల్ మాస్టారి జవాబు

సంక్రాంతి వెళ్లిన వారానికి మా వాకింగ్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. పది రోజులు తిరిగేసరికి అదే మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో, బంధువుల గ్రూపులో, ఆఖరికి మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో కూడా కనిపించింది. అందులో ఉన్నది ఇదీ: "నిద్ర లేవగానే పరగడుపున 100 సిటప్స్, ఆ వెంటనే 5 నిమిషాలు ప్లాంక్. 21 రోజుల్లో పొట్ట మాయం, నడుము నొప్పి మాయం. ఒక్క రోజు మానినా మళ్లీ మొదటికే. వేరే వ్యాయామం అక్కర్లేదు. బాలింతలూ చెయ్యొచ్చు. కోడి రామ్మూర్తి నాయుడు గారి బలరహస్యం ఇదే." కింద ఆ మల్లయోధుడి ఫొటో, పది మందికి పంపమని ఆజ్ఞ. ప్లాంక్ అంటే బోర్లా ఉండి, మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లంతా పలకలా నిలిపి పట్టడం.

శ్రీకాకుళం చుట్టుపక్కల స్కూళ్లలో ఇరవై ఏళ్లకు పైగా డ్రిల్ మాస్టారిగా పనిచేశాను. ఈ మెసేజ్‌లో సగం నేనే ఒకప్పుడు పిల్లలకు చెప్పాను. అందుకే చూసి ఊరుకోలేకపోతున్నాను.

మొదట, పొట్ట మాయం సంగతి. సిటప్స్ చేస్తే పొట్ట దగ్గర మంట పుడుతుంది కాబట్టి అక్కడి కొవ్వే కరుగుతోందని అనుకుంటాం. ఆ మంట కండరానిది, కొవ్వుది కాదు. శరీరం కొవ్వును ఒళ్లంతటి నుంచీ తీసుకుని వాడుకుంటుంది, ఏ కండరం కదిలితే దాని పక్కన ఉన్న కొవ్వునే వాడాలన్న నియమం దానికి లేదు. దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలో 13 మంది మగవాళ్ల చేత 27 రోజుల్లో తలా 5,004 సిటప్స్ చేయించారు. ఆ ఫలితాలు 1984లో అచ్చయ్యాయి. అంటే రోజుకు సుమారు 185, మన మెసేజ్ అడిగినదానికి దాదాపు రెట్టింపు. పొట్ట, వీపు, పిరుదుల దగ్గర కొవ్వు కణాలు తీసి కొలిస్తే, పొట్ట దగ్గర ప్రత్యేకంగా ఎక్కువ తగ్గిందేమీ లేదు. 2011లో వచ్చిన ఇంకో అధ్యయనంలో వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు పొట్ట వ్యాయామాలు మాత్రమే చేయించారు. పొట్ట కండరాల ఓపిక పెరిగింది. నడుము కొలత మాత్రం అలాగే ఉంది.

లెక్క వేసినా తేలిపోతుంది. వంద సిటప్స్‌కి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వాటికి ఖర్చయ్యేది పాతిక కేలరీలు, మహా అయితే ముప్పై. ఒక ఇడ్లీలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. కేజీ కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. వాకింగ్ అయ్యాక బండి దగ్గర ఆగి రెండు గారెలు తినేవాళ్లం ఈ లెక్కని కొంచెం శ్రద్ధగా చూడాలి. నేనూ తింటాను, దాచను. పొట్టను పట్టించుకోనక్కర్లేదని కాదు నేనంటున్నది. మన దక్షిణాసియా వాళ్లకి నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు చేరితే షుగర్, గుండె జబ్బుల విషయంలో జాగ్రత్త పడాలని వైద్యులు చెప్తారు. కానీ ఆ కొలత తగ్గేది పళ్లెంలో, నడకలో, మొత్తం ఒళ్లు కదిలే పనిలో.

ఇక అసలు పొరపాటు దగ్గరికి వద్దాం. సిటప్స్, ప్లాంక్ లాంటివి బలపరచాల్సింది కోర్‌ని, అంటే మొండెం చుట్టూ ఉండే కండరాలన్నిటినీ. మెసేజ్ రాసినాయన కోర్ అంటే పొట్ట మీద కనిపించే పలకలనుకున్నాడు. కిరాణా కొట్లో 15 కేజీల నూనె డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చడం చూసే ఉంటారు. సీలు ఉన్న డబ్బా కింద పడ్డా సులువుగా నలగదు. నూనె అయిపోయిన డబ్బా మీద కూర్చుంటే సొట్ట పడిపోతుంది. మన మొండెం కూడా అలాంటి డబ్బానే. పైన మూతలా ఊపిరితిత్తుల కింద ఉండే కండరం డయాఫ్రమ్, అడుగున కటి కండరాలు, ముందూ పక్కలా పొట్ట కండరాల పొరలు, వెనక వెన్నును పట్టుకుని ఉండే కండరాలు. అన్నీ ఒకేసారి బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి వెన్ను నిలబడుతుంది. ఎవరో సరదాకి పొట్టలో గుద్దబోతే మనం టక్కున బిగిస్తామే, అదీ కోర్ చేసే పని. నడుమును వంచడం కంటే, చేతులూ కాళ్లూ పనిచేస్తున్నప్పుడు నడుము వంగిపోకుండా ఆపడమే దానికి పెద్ద పని.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన వెయిట్ లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో, ఒకే ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110 కేజీలు, భుజాల దగ్గర ఆపి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కేజీలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. 130 కేజీలు తల మీద ఉన్నప్పుడు భుజాలకీ కాళ్లకీ మధ్య ఏం జరుగుతోందో ఒకసారి ఆ వీడియోలో చూడండి. మొండెం రాయిలా ఉంటుంది. అలా నిలబడటం కోర్ అంటే.

సిటప్స్‌లో జరిగేది వేరు. స్కూల్లో ఒకడు పాదాలు నొక్కి పట్టుకుంటే ఇంకొకడు లేచేవాడు, గుర్తుందా? పాదాలు అలా కట్టుబడి ఉన్నప్పుడు ఒంటిని పైకి లాగేదాంట్లో పెద్ద వాటా తొడను తుంటికి కలిపే కండరాలది. అవి నడుము ఎముకల దగ్గరే పుడతాయి కాబట్టి లాగిన ప్రతిసారీ వెన్ను మీద భారం పడుతుంది. అమెరికా సైన్యం దశాబ్దాల పాటు 2 నిమిషాల సిటప్స్‌తో సైనికులను పరీక్షించింది. ఇప్పుడు వాటి స్థానంలో ప్లాంక్ పెట్టుకుంది. మన గ్రూపుల్లో మాత్రం వాళ్లు వదిలేసిన పాత పాఠం తిరుగుతోంది.

"నిద్ర లేవగానే" అన్న మాట మీద ఇంకాస్త కోపం ఉంది నాకు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున్నే మనం రాత్రికంటే సెంటీమీటరో, ఇంకాస్తో పొడవుంటాం, కావాలంటే గోడ దగ్గర నిలబడి కొలుచుకోండి. ఆ ఉబ్బిన డిస్కులతో నడుమును పదే పదే ముందుకు వంచితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేచిన మొదటి గంటలో నడుము లోతుగా వంచే వ్యాయామం వద్దని వెన్ను గురించి తెలిసినవాళ్లు అంటారు. కాసేపు నడిచి, నీళ్లు తాగి, ఒళ్లు వేడెక్కాక చేసుకోవచ్చు.

నడుము నొప్పి మాయం అన్నదానికి నా ఒంటి మీదే సాక్ష్యం ఉంది. నలభై దాటాక ఒక వేసవి శిబిరంలో పిల్లల ముందు గొప్పకి పోయి పొద్దున్నే ఏకబిగిన అరవై సిటప్స్ చేశాను. అరవై ఒకటోది లేవలేదు. నడుము పట్టేసింది. తొమ్మిది రోజులు చెప్పులు వేసుకోవాలన్నా మా ఆవిడ సాయం కావాల్సొచ్చింది. కోర్ వ్యాయామం నడుము నొప్పికి పనికొస్తుంది, అబద్ధం కాదు. కానీ ఏది, ఎంత అన్నది మనిషిని బట్టి. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ వెన్ను మీద ఏళ్ల తరబడి పనిచేసి, వెన్నుకు తక్కువ భారంతో ఎక్కువ ఫలితమిచ్చే మూడు వ్యాయామాలు చెప్పారు: నడుము కింద అరచేతులు పెట్టుకుని తల, భుజాలు మాత్రం కొంచెం లేపే కర్ల్ అప్, పక్కకి తిరిగి పట్టే సైడ్ ప్లాంక్, నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచే బర్డ్ డాగ్. ఒక్కొక్కటి పది సెకన్లు పట్టి వదలడం, మళ్లీ పట్టడం. నొప్పి కాల్లోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా వీటిలో ఏదీ చేయకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

5 నిమిషాల ప్లాంక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండో నిమిషానికి చాలామందికి నడుము కిందికి జారిపోతుంది, అక్కడి నుంచి పనిచేసేది కండరం కాదు, పంతం. 20 నుంచి 30 సెకన్లు పిరుదులూ పొట్టా గట్టిగా బిగించి, ఊపిరి ఆపకుండా మూడుసార్లు చేస్తే చాలు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టడం అసలే వద్దు.

"ఒక్క రోజు మానినా మొదటికే, వేరేది అక్కర్లేదు" అన్నది చూసి నవ్వొచ్చింది. కండరం ఒక్క రోజులో కరిగిపోయే ఐస్‌ఫ్రూట్ కాదు. బర్డ్ డాగ్ లాంటి తేలికవి రోజూ చేసినా నష్టం లేదు, ఒప్పుకుంటాను. బరువైనవి చేస్తే మాత్రం మధ్యలో ఒక రోజు విరామం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చూస్తే, పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ, దానితో పాటు కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం కావాలి. అంటే కోర్ ఆ వారంలో ఒక ముక్క మాత్రమే.

మరి ఎక్కడ ఇరికించాలి? నేను మా వాకింగ్ వాళ్లకు చెప్పేది ఇదీ. ఎలాగూ వారానికి ఐదు రోజులు నడుస్తాం. అందులో సోమ, గురువారాలు నడక అరగంటకి తగ్గించి బలానికి ఇవ్వండి: కుర్చీలో కూర్చుని లేచినట్టు బస్కీలు, గోడకో బెంచీకో దండాలు, తుంటి దగ్గర వంగి నీళ్ల బకెట్ ఎత్తడం. ఇవి అయ్యాక చివర్లో పది నిమిషాలు కోర్. మొదట్లో పెట్టకండి, కోర్ అలిసిపోయాక బరువెత్తితే నడుముకి దన్ను ఉండదు. శనివారం ఇంకో పది నిమిషాలు, ఇంట్లో టీవీ ముందైనా సరే. ఆ పది నిమిషాల్లో మూడు పనులుండాలి: ప్లాంక్ లాగా నడుము కిందికి జారిపోకుండా ఆపేది ఒకటి, సైడ్ ప్లాంక్ లాగా పక్కకి ఒరిగిపోకుండా ఆపేది ఒకటి, బరువు మోస్తూ నడిచేది ఒకటి. మూడోదానికి 5 లీటర్ల నూనె క్యాన్‌లో నీళ్లు నింపి ఒక చేత్తో పట్టుకుని, ఒంగకుండా నలభై అడుగులు నడిచి, చెయ్యి మార్చుకుంటే సరి. బిందె చంకన పెట్టుకుని బోరింగు నుంచి ఇంటికి వచ్చిన మన అమ్మమ్మలు ఈ వ్యాయామం పేరు తెలియకుండానే చేశారు. ఉభాల్లో, అంటే వరి నాట్లలో, రోజంతా వంగి ఉన్నవాళ్లకి మాత్రం నడుము బలపడటం కంటే అలసిపోవడమే ఎక్కువ. పొలం పని చేసేవాళ్లకి కోర్ అక్కర్లేదనడం కూడా అందుకే సరికాదు.

బాలింతల సంగతి మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. కాన్పు తర్వాత పొట్ట మధ్యలో నిలువు కండరాలు రెండు పక్కలకీ విడిపోయి ఉండటం మామూలే. ఆ స్థితిలో సిటప్స్ చేస్తే మధ్య గీత వెంట పొట్ట గుట్టలా పొడుచుకొస్తుంది. డాక్టర్ సరేనన్నాక, ఊపిరితో, కటి కండరాలు బిగించడంతో మొదలుపెట్టి నెమ్మదిగా పైకి వెళ్లాలి. ఆపరేషన్ అయితే ఇంకా ఆలస్యంగా.

కోడి రామ్మూర్తి నాయుడు గారిది మన వీరఘట్టం. ఛాతీ పొంగించి గొలుసులు తెంపడం, ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకోవడం ఆయన సర్కస్‌లో జనం చూసిన విద్యలు. ఆ కాలపు వ్యాయామశాలల్లో చేయించింది దండాలు, బస్కీలు, కుస్తీ, బరువులు. ఆయన ఫొటో కింద పరగడుపు సిటప్స్ రాసినవాళ్లకి ఏనుగు కింద పడుకోవడం ఎలాంటి కోర్ వ్యాయామమో తోచలేదు కాబోలు.

ఈ మెసేజ్ మా గ్రూపులో పెట్టిన మిత్రుడు నిన్న ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నా పక్కనే సైడ్ ప్లాంక్ పట్టాడు. కుడి వైపు 22 సెకన్లు, ఎడమ వైపు 8. "ఏటి మాస్టారూ, ఈ పక్క నాది కాదేటి?" అన్నాడు. రైతు బజారు నుంచి కూరల సంచి కుడి చేత్తో పట్టుకుని నిటారుగా నడిచి వెళ్లమన్నాను. బరువు కుడి వైపుకి లాగితే, ఆపాల్సింది ఎడమ పక్కే మరి.