గండి పడింది, వరదే రాలేదు

నా ఉద్యోగం ఆనకట్టలు తెగ్గొట్టడం. కంప్యూటర్లోనే లెండి. ఫలానా డ్యామ్ తెగితే దిగువ ఊళ్లకి నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎంత లోతున నిలుస్తాయో హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టి ముంపు మ్యాప్ ఇవ్వాలి. జనాన్ని ఖాళీ చేయించే ప్లాన్ ఆ మ్యాప్ చూసే వేస్తారు కాబట్టి పని సీరియస్‌దే. చేసేవాడి సంగతే కాస్త అటూ ఇటూ.

ఆ వారం తెగాల్సింది 30 మీటర్ల ఎత్తున్న మట్టికట్ట. వెనకాల 45 మిలియన్ ఘనపు మీటర్ల నీళ్లు. రన్ కొట్టి కుర్చీలో వెనక్కి వాలాను. గండి పడింది. కాసిని నీళ్లు బయటికొచ్చాయి. అంతే, ఆగిపోయాయి.

సార్ వచ్చి ఒక్క చూపు చూశారు. "గొయ్యే లేదు కదయ్యా, నీళ్లు ఎందులో పోశావ్?"

నిజమే. నేను వాడిన నేల ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచింది. రాడార్ నీళ్లలోకి దూరదు. ఆ రోజు నీటిమట్టం ఎక్కడుంటే దాన్నే నేలనుకుంది. నా జలాశయం పలకలా చదునుగా ఉంది, దాని మీద పోసిన పైపై నీళ్లే కారిపోయాయి.

"సర్వేవాళ్ల టేబుల్ ఉందిగా, ఆ పలక బదులు స్టోరేజ్ ఏరియా పెట్టు" అన్నారు. ఏ మట్టానికి ఎంత నీరో చెప్పే టేబుల్ అది. కాపీ, పేస్ట్, రన్.

ఈసారి గండి రెండున్నర నిమిషాల్లో పడిపోయింది. వెడల్పు 12 మీటర్లు. ఊరి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు పాదాలు కూడా తడపలేదు. రన్ అయ్యాక సాఫ్ట్‌వేర్ నీళ్ల జమాఖర్చు చూపిస్తుంది కదా, అందులో తేడా దాదాపు సున్నా. నేనిచ్చిన తప్పుడు నీళ్లకి చుక్క పోకుండా లెక్క చెప్పింది, మహాతల్లి.

ఇక మొదలుపెట్టాను. నేల గరుకుదనం మార్చాను. ఎంతసేపటికోసారి లెక్క వేయాలో చెప్పే టైమ్ స్టెప్‌ని ఒక సెకనుకి దించాను. నేలని చిన్న చిన్న గళ్లుగా కోసే మెష్ మొత్తం చెరిపి మళ్లీ గీశాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది. సాయంత్రానికి సాఫ్ట్‌వేర్‌లో నేను పేస్ట్ చేసిన టేబుల్ తలమీద చిన్న అక్షరాలు కంటబడ్డాయి. వాల్యూమ్, వెయ్యి ఘనపు మీటర్లలో.

సర్వేవాళ్ల అంకె మిలియన్లలో ఉంది. నేను 45 అని కొడితే అది 45 వేల ఘనపు మీటర్లనుకుంది. అంటే 18 ఒలింపిక్ ఈతకొలనుల నీళ్లు. గండి లెక్క కట్టే ఫ్రోలిక్ సూత్రం కూడా ఆ అంకెనే పట్టుకుంటుంది. సూత్రంలో గండి పడే సమయం నీటి పరిమాణపు వర్గమూలంతో పెరుగుతుంది. అందుకే 75 నిమిషాలు పట్టాల్సిన గండి రెండున్నర నిమిషాల్లో తెగింది, 113 మీటర్లు ఉండాల్సింది 12 దగ్గర ఆగింది. సూత్రం తప్పేం లేదు, పాపం.

వెయ్యితో హెచ్చవేసి రన్ పెట్టి టీకి వెళ్లాను. వచ్చేసరికి స్క్రీన్ నిండా నీలం. కొండలు మునిగిపోయాయి. నీళ్లు మెష్ అంచు దాకా వచ్చి, అద్దం గోడకి గుద్దుకున్నట్టు అక్కడే నిలువుగా లేచి నిలబడ్డాయి. జలాశయంలో మాత్రం మట్టం వేలెడు కూడా తగ్గలేదు.

పక్క సీటు కుర్రాడు మెల్లగా లేచాడు. "అన్నా, పొద్దున మీరు తిట్టుకుంటుంటే విన్నాను. యూనిట్లు అనిపించి మీ ఎక్సెల్‌లో వెయ్యితో గుణించి పెట్టాను. చెబుదామనుకునేలోపు..."

ఇద్దరం కలిసి మట్టికట్ట వెనక 45 ఘనపు కిలోమీటర్లు నింపాం. అమెరికాలో హూవర్ డ్యామ్ వెనకున్న పెద్ద జలాశయం లేక్ మీడ్‌లో కూడా అన్ని పట్టవు.

ఒక వెయ్యి తీసేశాం. రాత్రి ఎనిమిదికి గండి 75 నిమిషాలు తీరిగ్గా పడింది, నీళ్లు లోయ పట్టుకుని దిగాయి, ఊరి మధ్య నాలుగు మీటర్లు నిలిచాయి. కుర్రాడు, నేను చేతులు కలుపుకున్నాం. లిఫ్ట్‌లో ఉండగా సార్ ఫోన్ చేశారు.

"మునిగింది సార్! ఊరు మొత్తం! నాలుగు మీటర్లు!" అన్నాను, పట్టలేని సంతోషంతో.

ఫోన్ పెట్టేసి తలెత్తితే, పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ పెద్దాయన గోడకి అతుక్కుపోయి నన్నే చూస్తున్నారు.

"ఏ ఊరు బాబూ?"